పైపు చివర ఎక్కడుందో చూడండి
గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి,



నేను అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో ఏసీలు బిగించి, బాగుచేసి బతికేవాణ్ణి. మైత్రీవనం వెనక సందులు, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల హాస్టళ్లు, ఎస్సార్ నగర్ మేడలు, బల్కంపేట ఇళ్లు, ద్వారకాపురి కాలనీ అద్దె గదులు నా పనిచోట్లు. వచ్చే వేసవిలోపు ఒక పని చేయించమని మిమ్మల్ని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. హాస్టల్‌కు గానీ, పడకలు అద్దెకిచ్చే మేడకు గానీ ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, అక్కడి ఏసీల వేడిగాలి ఎటు పోతోందో మీ సిబ్బంది స్వయంగా చూసి రాయాలి. అది ఆరుబయటికి పోకుండా మేడలోనే తిరుగుతుంటే ఆ ఏసీని నడవనివ్వకూడదు.

ఇంత చిన్న సంగతికి కమిషనర్ గారికి లేఖ ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. కోర్సులు చదువుకోవడానికి వచ్చి ఈ సందుల్లో నిద్రపోయే వేలమంది పిల్లల ఆరోగ్యం ఈ చిన్న సంగతి మీదే ఆధారపడి ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈమధ్య పోర్టబుల్ ఏసీలు బాగా వస్తున్నాయి. చక్రాల మీద నిలబడే మిషన్ అది. గోడ పగలగొట్టక్కర్లేదు, ఓనరు అనుమతి అడగక్కర్లేదు, ఖాళీ చేసే రోజు తోసుకుపోవచ్చు. మూణ్ణెల్ల జావా కోర్సుకో, ఆర్నెల్ల టెస్టింగ్ కోర్సుకో వచ్చి పడక అద్దెకు తీసుకున్న పిల్లలకు ఇంతకన్నా వీలైనది ఏముంటుంది? నలుగురు కలిసి డబ్బులు వేసుకుని కొంటారు. కొన్నిచోట్ల హాస్టల్ వాళ్లే కొనిపెట్టి, ‘ఏసీ రూమ్’ అని ఎక్కువ అద్దె తీసుకుంటారు. దాని వెనక అయిదారు అంగుళాల వెడల్పున్న పైపు ఉంటుంది. ఆ పైపును కిటికీలోంచి బయటికి పెట్టాలని పెట్టెతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది.

ఇక్కడి చాలా గదులకు ఆ కిటికీయే లేదు. ఒకప్పుడు ఒక కుటుంబం కోసం కట్టిన రెండు పడకగదుల ఇంటి హాలును ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చేస్తారు. ఉన్న ఒక్క కిటికీ ఒక ముక్కలోకి పోతుంది. మిగతా రెండింటికీ తలుపు తప్ప మరో సందు ఉండదు. అలాంటి గదిలో ఆ పైపును ఏం చేయాలి? కొందరు ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీసి పైకి దూరుస్తారు. కొందరు బాత్రూములోకి వదులుతారు. కొందరు తలుపు మీది సందులోంచి నడవాలోకి, మెట్లమీదికి పెడతారు. అదీ కుదరనివాళ్లు మంచం వెనకే వదిలేస్తారు. వేసవిలో నాకు వచ్చే ఫోన్లలో చాలావాటిది ఒకటే మాట: “అన్నా, కూలింగ్ రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, ఒకసారి చూడండి.” వెళ్లి చూస్తే గ్యాస్ సరిగ్గానే ఉంటుంది. తప్పంతా పైపు పెట్టిన చోటులో ఉంటుంది.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న వేడిని తీసి ఇంకోచోట వదులుతుంది. ఒక టన్ను ఏసీ పూర్తిగా పనిచేస్తే గదిలోంచి సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తీస్తుంది. ఆ పనికి సుమారు 1.2 కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది. అంటే పైపులోంచి బయటపడేది 4.7 కిలోవాట్లు. పైపు గదిలోనే ఉంటే, తీసిన 3.5 మళ్లీ గదిలోకే వస్తుంది, దాని మీద 1.2 అదనంగా చేరుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి 100 వాట్ల దాకా వేడి వస్తుంది. కాబట్టి నలుగురు పడుకునే గదిలో అలా ఏసీ నడిపితే, మరో పన్నెండు మందిని తెచ్చి అక్కడే కూర్చోబెట్టినంత వేడి. మిషన్ ఎదురుగా నిలబడితే ముఖానికి చల్లగా తగులుతుంది కనుక పనిచేస్తోందనే నమ్ముతారు. గంట గడిచేసరికి గోడలు, పరుపులు, పుస్తకాలు అన్నీ వేడెక్కుతాయి. నెల తిరిగాక వచ్చే బిల్లు మాత్రం ఏసీ బిల్లే.

తేమ సంగతీ అంతే. గాలిలోంచి తీసిన నీటిని చాలా పోర్టబుల్ ఏసీలు వేడి కాయిల్ మీద ఆవిరి చేసి అదే పైపులోంచి బయటికి తోస్తాయి. పైపు ఫాల్స్ సీలింగ్‌లో ఉంటే ఆ ఆవిరి ప్లైవుడ్‌కు, పీఓపీకి పడుతుంది. వానాకాలం వచ్చేసరికి పలకలు ఉబ్బుతాయి, మూలల్లో బూజు నల్లగా పాకుతుంది. ఆ గాలి పీల్చుకుంటూ పిల్లలు దగ్గుతారు.

పైపును నడవాలోకి పెడితే గది చల్లబడుతుంది కదా అంటారు. చల్లబడుతుంది, కొంతవరకు. ఆ చల్లదనం ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి. పైపులోంచి వచ్చే గాలి 50 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఒక అంతస్తులో అలాంటి మిషన్లు నాలుగు నడిస్తే 19 కిలోవాట్ల వేడి కిటికీ లేని నడవాలో పడుతుంది. ఆ నడవాలోకే మిగతా గదుల తలుపులు తెరుచుకుంటాయి. ఏసీ రూమ్ అద్దె కట్టలేక ఫ్యాన్ గదిలో ఉన్నది ఎవరు? నల్గొండ నుంచో, శ్రీకాకుళం నుంచో, అనంతపురం నుంచో వచ్చిన పిల్లలు. కోర్సు ఫీజుకే ఇంట్లో అప్పు చేసి పంపారు. వాళ్లు తలుపు తెరిస్తే ఎదురుగదుల వేడి లోపలికొస్తుంది, మూస్తే ఊపిరాడదు. ఎక్కువ డబ్బు కట్టినవాళ్ల వేడిని తక్కువ డబ్బు కట్టినవాళ్లు భరిస్తున్నారు. నా పని వల్ల ఇలా జరగడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అందుకే నడవాలోకి పైపు పెట్టే పని ఒప్పుకోవడం మానేశాను.

ఇంకో ఇబ్బంది ఉంది. ఒకే పైపున్న మిషన్ గదిలోని గాలినే లాగి బయటికి తోస్తుంది, గంటకు 300 నుంచి 400 ఘనపు మీటర్లు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న గదిలో పట్టే గాలి 25 ఘనపు మీటర్లే. అంటే గంటలో పన్నెండు సార్లకు పైగా గది గాలంతా బయటికి పోతుంది. పోయినంతా ఎక్కడినుంచో తిరిగి రావాలి. తలుపు కింది సందులోంచి నడవా గాలి వస్తుంది, అంటే అదే వేడిగాలి. తలుపుకు రబ్బరు బిగిస్తే బాత్రూము జాలీ కింద వాసనను ఆపే నీళ్లు ఎండినచోట డ్రైనేజీ వాసన లోపలికి వస్తుంది. పోర్టబుల్ ఏసీల సామర్థ్యాన్ని కొలవడానికి, ఈ లోపాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కొత్త పద్ధతిని అమెరికా ఇంధన శాఖ 2016లో తెచ్చింది. పాత కొలతలో 14,000 బీటీయూ అనిపించుకున్న మిషన్ కొత్త కొలతలో పదివేల దరిదాపుల్లోకి దిగింది. పైపును సక్రమంగా కిటికీలో పెట్టినప్పటి లెక్క ఇది. రెండు పైపులున్న మిషన్ ఒక పైపుతో బయటి గాలి తీసుకుని రెండో పైపుతో బయటికే వదులుతుంది కనుక కొంత మెరుగు. దానికీ బయటి గోడ కావాల్సిందే.

పంజాగుట్టలో ఈ సమస్యకు మరో ముఖం ఉంది. నిమ్స్ ఆసుపత్రికి వైద్యం కోసం జిల్లాల నుంచి వచ్చేవాళ్లు చుట్టుపక్కల రోజు అద్దెకు గదులు తీసుకుంటారు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ చూపించుకునేదాకా ఊరికి పోలేక ఆ గదుల్లోనే ఉంటారు. వయసు మీదపడినవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు వేడిని తట్టుకోలేరని డాక్టర్లు ప్రతి వేసవిలోనూ చెబుతారు. అలాంటి రోగి పక్కగది ఏసీ వేడిలో రాత్రంతా మగ్గడం ఎవరూ కోరుకునే సంగతి కాదు. అయినా ఆపే నియమం ఎక్కడా అమలు కావడం లేదు.

అమీర్‌పేటకు కూతవేటు దూరంలోనే బేగంపేట వాతావరణ కేంద్రం ఉంది. అక్కడ ఇప్పటిదాకా నమోదైన అతి ఎక్కువ ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. ఆ కొలత తీసేది ఆరుబయట, నీడలో, గాలి ఆడే పెట్టెలో. మనుషులు పడుకునే గదుల్లో ఎంతుందో కొలిచేవాళ్లు లేరు. మే నెలలో మన నగరంలో పగలు 40 డిగ్రీల దాకా పోయినా, తెల్లవారుజాముకు 26, 27కు దిగుతుంది. దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నందుకు మనకు దక్కిన సుఖం అది. కిటికీ ఉన్నవాడు రాత్రి పదింటికి దాన్ని తెరిచి, ఫ్యాన్ పెట్టుకుని ఆ చల్లగాలిని ఉచితంగా తీసుకుంటాడు. ఎండాకాలం పొడిగాలిలో కూలర్ కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ కూలర్‌కూ కిటికీ కావాలి. మూసిన గదిలో పెడితే కాసేపటికే తేమ నిండి ఒళ్లు జిగట పడుతుంది. కిటికీ లేని గదికి ఫ్యాన్, కూలర్, పోర్టబుల్ ఏసీ, మూడూ పనికిరావు. అద్దెకిస్తున్న గదికి బయటి గాలితో సంబంధం లేకపోవడమే అసలు జబ్బు.

స్ప్లిట్ ఏసీలు పెట్టినచోట ఇబ్బంది లేదనుకోకండి. గోడకు గోడ ఆనుకున్న మేడల్లో ఔట్‌డోర్ యూనిట్లన్నీ బాత్రూముల డక్ట్‌లో వేలాడదీస్తారు. కింది అంతస్తు యూనిట్ వదిలిన వేడి పైకి లేచి, పై అంతస్తు యూనిట్‌కు పీల్చుకునే గాలి అవుతుంది. నాలుగో అంతస్తుకు వచ్చేసరికి కంప్రెసర్ తట్టుకోలేక ట్రిప్ అవుతుంది. ఆ డక్ట్‌లోకే బాత్రూము వెంటిలేటర్లు తెరిచి ఉంటాయి. పేరుకు గాలి వచ్చే దారి, నిజానికి వేడి పోయే గొట్టం.

ఇలాంటి తప్పు న్యూయార్క్ నగరం ఒకప్పుడు చేసి, దిద్దుకుంది. కూలీలు కిక్కిరిసి ఉండే అద్దె మేడల్లో ప్రతి గదికీ కిటికీ ఉండాలని 1879లో అక్కడ చట్టం తెచ్చారు. మేడలు కట్టేవాళ్లు ఇద్దరి స్థలాల మధ్య ఇరుకైన సందు ఒకటి వదిలి, కిటికీలను అందులోకి పెట్టి చట్టం పాటించామన్నారు. ఆ సందుల్లోకి వెలుగు రాలేదు, గాలి ఆడలేదు. చెత్తతో నిండాయి. నిప్పు అంటుకుంటే కింది మంటను పైకి లాగే పొగగొట్టాలయ్యాయి. చివరికి 1901లో కొత్త చట్టం తెచ్చి, కిటికీ వీధిలోకో తగినంత విశాలమైన పెరట్లోకో తెరుచుకోవాలని ఖరాఖండిగా చెప్పారు. హాంకాంగ్ ప్రభుత్వం కూడా ముక్కలు చేసి అద్దెకిచ్చే ఇళ్లకు కనీసం 8 చదరపు మీటర్ల వైశాల్యం, కిటికీ ఉండాలన్న నియమాన్ని 2024లో ప్రకటించింది. మీ నియమంలో ‘కిటికీ’ అని మాత్రమే రాస్తే ఇక్కడా డక్ట్‌లోకి ఒక రంధ్రం కొట్టి చూపిస్తారు. ‘ఆరుబయటికి తెరుచుకునే కిటికీ’ అని రాయాలి.

నిప్పు మాట వచ్చింది కనుక అదీ చెప్పాలి. పోర్టబుల్ ఏసీ 5, 6 ఆంపియర్ల కరెంటు గంటల తరబడి లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, విడిగా వైరు, విడిగా ఎంసీబీ ఉండాలి. హాస్టల్ గదిలో అది ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్‌లు, కెటిల్‌తో పాటు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ పైన పరిచిన వైర్ల మీదే పైపు వేడిగాలి పడుతుంటుంది. సాధారణ పీవీసీ వైరు తట్టుకునేది 70 డిగ్రీల వరకే. చుట్టూ వేడి పెరిగేకొద్దీ అది మోయగల కరెంటు తగ్గుతుంది. చుట్టూ ప్లైవుడ్. దిగడానికి ఒక్కటే మెట్లదారి. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో 2023 మార్చి 16న జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. వాళ్లూ ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలే. సూరత్‌లో 2019 మే 24న కోచింగ్ సెంటర్ మంటల్లో 22 మంది విద్యార్థులు పోయారు. ఢిల్లీ రాజేంద్రనగర్‌లో 2024 జులై 27న కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి నీళ్లొచ్చి ముగ్గురు పోయారు. కారణాలు వేరువేరు. కానీ ప్రతిసారీ తనిఖీలు ప్రాణాలు పోయాకే జోరందుకున్నాయి. అమీర్‌పేటలో ముందే జరగాలని నా విన్నపం.

మీ చేతిలో అధికారం లేదనడానికి లేదు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది మీ సంస్థే, ఈ పనికి ఆధారాలూ ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. వడదెబ్బ ఎండలోనే తగలదు, గాలాడని గదిలోనూ తగులుతుంది. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 పొడి వేడి ప్రాంతాల్లో నివాస గది కిటికీలు నేల వైశాల్యంలో పదోవంతుకు తగ్గకూడదని చెబుతోంది. ఆ లెక్కన వంద చదరపు అడుగుల గదికి పది చదరపు అడుగుల కిటికీ ఉండాలి. తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023 ఏప్రిల్‌లో వచ్చింది. వాణిజ్య భవనాలన్నిటికీ ఎండను వెనక్కి కొట్టే చల్లని పైకప్పు తప్పనిసరి అంది. నివాస భవనాలకు మాత్రం 600 చదరపు గజాలు, అంతకు పైబడిన స్థలాల్లోనే తప్పనిసరి. అమీర్‌పేట హాస్టళ్లు ఎక్కువగా అంతకన్నా చాలా చిన్న స్థలాల్లో, ఇళ్లకని తీసుకున్న అనుమతులతో కట్టిన మేడల్లో నడుస్తున్నాయి. కాగితం మీద ఇల్లు, లోపల వ్యాపారం. చల్లని పైకప్పు ఎక్కువ అవసరమైన భవనాలే ఆ విధానం చేతికి అందకుండా పోయాయి.

కాబట్టి నా విన్నపాలు ఇవి.

మొదటిది, పైన చెప్పిన తనిఖీ. ఏటా ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు ప్రతి పోర్టబుల్ ఏసీ పైపు, ప్రతి ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ వేడి వదులుతోందో ఫొటోతో సహా నమోదు చేయాలి. నడవా, మెట్లు, ఫాల్స్ సీలింగ్, బాత్రూము, మూసిన డక్ట్, ఈ అయిదింటిలో దేనిలోకి వదిలినా తీయించాలి.

రెండోది, ఆరుబయటికి తెరుచుకునే కిటికీ లేని గదిని పడకగదిగా అద్దెకివ్వడాన్ని దశలవారీగా ఆపాలి. అలాంటి గదిని స్టోరుగానో సామాన్ల గదిగానో వాడుకోవచ్చు, మనుషుల్ని పడుకోబెట్టకూడదు.

మూడోది, హాస్టల్‌గా లైసెన్సు తీసుకున్న ప్రతి భవనాన్నీ, స్థలం ఎంత చిన్నదైనా, కూల్ రూఫ్ విషయంలో వాణిజ్య భవనంగానే లెక్కించాలి. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు మన హైదరాబాద్ భవనాల మీదే కొలిచి, నల్లటి పైకప్పుకు తెల్లరంగు వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 యూనిట్లకు పైగా కరెంటు మిగులుతుందని తేల్చారు.

నాలుగోది, మే నెలలో ఈ హాస్టళ్లలో కొన్నిటిలోనైనా గది లోపలి ఉష్ణోగ్రతను రాత్రి పూట కొలిపించి ప్రకటించాలి. థర్మామీటరు ఖరీదు వందల్లోనే ఉంటుంది. లోపల ఎంతుందో నగరానికి తెలిస్తేనే మిగతా పనులు కదులుతాయి.

హాస్టల్ యజమానులు దీన్ని వ్యతిరేకించవచ్చు. వాళ్లలో చాలామంది నాకు తెలుసు. చాలామంది మేడను లీజుకు తీసుకుని, నెలనెలా అద్దె కట్టుకుంటూ నడిపేవాళ్లే. నియమాలు గట్టిగా పెడితే పడక అద్దె పెరుగుతుంది, ఆ భారం పిల్లల మీదే పడుతుంది అంటారు. ఆ మాటలో నిజముంది కనుకే ఒక్కసారిగా నోటీసులిచ్చి తాళాలు వేయమని అడగడం లేదు. అలా చేస్తే పిల్లలే సామాన్లతో రోడ్డున పడతారు. కానీ పైపును బయటికి మళ్లించడం ఖర్చుతో కూడిన పని కాదు. బయటి గోడ ఉన్న గదిలో కోర్ కట్టింగ్ మిషన్‌తో ఆరంగుళాల రంధ్రం వేసి, వానచుక్క లోపలికి రాకుండా మూత బిగించడం ఒక్కరోజు పని. పైకప్పుకు తెల్లరంగు ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని ప్రభుత్వమే లెక్కవేసింది. 200 గజాల మేడకు అది సుమారు యాభై వేల రూపాయలు. ప్లైవుడ్ పార్టిషన్లు మార్చి గదులకు కిటికీ ఇవ్వడమే నిజంగా ఖరీదైన మార్పు. దానికి రెండేళ్ల గడువు ఇవ్వండి, చేసినవాళ్లకు లైసెన్సు ఫీజులో రాయితీ ఇవ్వండి. వేడిని నడవాలోకి వదలడం ఆపడానికి మాత్రం ఏ గడువూ అక్కర్లేదు.

నాతోటి ఏసీ మెకానిక్‌లకూ ఈ లేఖ ద్వారా ఒక మాట. బయటి గోడ లేని గదికి పోర్టబుల్ ఏసీ అడిగినవాళ్లకు, అది పనిచేయదని కొనకముందే చెబుదాం. బేరం పోతే పోనీ. తనిఖీ బృందాలకు ఏది సరైన బిగింపో, ఏది కాదో చూపించడానికి మనలో కొందరు ముందుకు వస్తే, ఏసీలు తెలియని సిబ్బందికీ పని సులువవుతుంది. అందుకు నేను సిద్ధంగా ఉన్నాను. కూలి అడగను.

కమిషనర్ గారూ, ఈ రెండు పేటల నుంచి ఎందరో పిల్లలు కోర్సులు పూర్తిచేసుకుని హైటెక్ సిటీకి, బెంగళూరుకు, డాలస్‌కు వెళ్లి కుటుంబాలను నిలబెట్టారు. నగరం పేరు పెరగడంలో వాళ్ల చెమట ఉంది. ఇప్పుడు చదువుతున్నవాళ్లకు రాత్రి నిద్రపట్టే గది ఇవ్వడం నగరానికి పెద్ద భారమేమీ కాదు. మార్చి మొదటి వారానికే ఇక్కడ ఏసీలు ఆన్ అవుతాయి. ఫిబ్రవరి నెలాఖరులోపు తొలి తనిఖీ పూర్తిచేయించి, ఎన్ని గదుల్లో పైపు లోపలే ఉందో, ఎన్నిటిని బయటికి మళ్లించారో వార్డుల వారీగా ప్రజలకు చెప్పండి. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
అమీర్‌పేట, పంజాగుట్టల్లో పనిచేసే ఒక ఏసీ మెకానిక్